ఆకలి చుక్కలు

ఆ మంగళవారం నేను చేయాల్సిన పనులు ఇవి:

ఏడున్నరకల్లా కబేళా గేటు దగ్గర థర్మాసు తీసుకోవాలి.
గొర్రె అండాశయాలు కడిగి, సూదితో అండాలు బయటికి తీయాలి.
నిన్నటి గిన్నెల్లో పోషక ద్రవం మార్చాలి.
పదకొండు నుంచి ఒంటిగంట దాకా మైక్రోస్కోపు నాది. ఎవరికీ ఇవ్వకూడదు.
మందు బ్యాచ్ ఫోటోలు తీయాలి. ఇప్పటికి మూడుసార్లు వాయిదా వేశాను.
పెద్దమేడమ్‌కి ఫలితం చూపించాలి.
గురువారానికి సెలవు పెట్టాడో లేదో అన్నయ్యని అడగాలి.
వదినని నాలుగు చీవాట్లు పెట్టి ఏదో ఒకటి తినిపించాలి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో చెప్పేవాళ్ళు లేక చిన్నప్పటి నుంచీ ఇలా కాగితం మీద రాసుకోవడం అలవాటైంది. ఆ రోజు మాత్రం వరస పూర్తిగా తప్పింది. అట్టడుగున రాసుకున్న పని రెండు నెలల ముందే చేసి ఉండాల్సింది.

నేను పనిచేసేది అండకణాల ల్యాబులో. ఆకలికి మాడితే అండం ఏమవుతుందన్నది నా పరిశోధన. కబేళాలో పారేసే గొర్రె అండాశయాలు తెచ్చుకుంటాం. వాటిలోంచి తీసిన అండాలను కొన్నిటిని పోషకాలున్న ద్రవంలో, కొన్నిటిని పోషకాలు లేని ద్రవంలో ఉంచి ఏవి బాగా పక్వమయ్యాయో చూస్తాం. కణానికి బయటి నుంచి తిండి అందకపోతే అది ఊరికే కూర్చోదు. తనలోనే అరిగిపోయిన, చెడిపోయిన భాగాలను చిన్న చిన్న సంచుల్లో చుట్టి, కరిగించి, ఆ ముడిసరుకుతో మళ్ళీ తనకు కావలసింది కట్టుకుంటుంది. దాన్ని ఆటోఫేజీ అంటారు. ఆ సంచులకు రంగు పట్టిస్తే మైక్రోస్కోపు కింద పచ్చటి చుక్కలుగా మెరుస్తాయి.

రెండు నెలల కిందట, రోజంతా ఆకలితో ఉంచిన అండంలో ఆ చుక్కలు మొదటిసారి చూశాను. ఒకటా రెండా, అండం నిండా చుక్కలే. పట్టలేని సంతోషంతో ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికి వెళ్ళి వదినకి చూపించాను.

"ఇదేంటి అమ్మడూ, ఆకాశమా?" అంది వదిన.

"అండం వదినా. గొర్రెది. తిండి లేకుండా ఉంచాం. చూడు, లోపలి చెత్తంతా ఎలా ఊడ్చుకుంటోందో!"

"అంటే తిండి పెట్టకపోతే అండం శుభ్రపడుతుందా?"

"అవును," అన్నాను.

అంతే. ఆ తర్వాత ఒక్క మాట కూడా కలపలేదు. అలిసిపోయి ఉన్నాను, గర్వంగానూ ఉన్నాను. ఈ రెండూ కలిసినప్పుడు మనిషి నోరు తెరవకూడదని ఇప్పుడు తెలిసింది.

వదిన సంగతి చెప్పాలి. ఆమె యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్. ఇరవై పొరల గుడ్డ ఒకేసారి కోస్తుంది, అంచు అంగుళంలో పదోవంతు కూడా పక్కకి పోదు. నేను పరీక్షలకు చదివే రోజుల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా పుస్తకం చేత్తో పట్టుకుని నా చేత పాఠాలు అప్పజెప్పించుకున్న మనిషి. "ఇక్కడ కామా ఉంది, నువ్వు ఆగలేదు, మళ్ళీ చెప్పు," అనేది. పెళ్ళయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. ఆసుపత్రిలో రెండుసార్లు అండాలు తీయించుకుంది. రెండుసార్లూ పిండం నిలవలేదు. మళ్ళీ ప్రయత్నించడానికి ఇంక ఎక్కువ వ్యవధి లేదు. నలభై నిండాక సొంత అండాలతో చికిత్స చేయకూడదని ఆ ఆసుపత్రి నియమం, వేరే చోటికి వెళ్ళే స్తోమత మాకు లేదు. వదినకి నలభై నిండడానికి రెండు నెలలు కూడా లేదు. ఆ గురువారం నుంచి ఇంజెక్షన్లు మొదలు పెట్టాలి. ఇదే ఆఖరిసారి.

ఆ ఆఖరిసారి కోసం వదిన మొదట రాత్రి భోజనం మానేసింది. తర్వాత పొద్దుటి టిఫిను మానేసింది. ఇంకొన్నాళ్ళకి మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను చూడలేదని చెప్పను. చూశాను. "ఏంటి వదినా, మరీ సన్నబడ్డావు," అని నవ్వాను కూడా. నిజం చెప్పాలంటే లోలోపల ముచ్చటేసింది. ఇంట్లో ఎవరో ఒకరు నా చదువుని ఇంత గట్టిగా నమ్మారు కదా అని.

సరే, ఆ మంగళవారం. కబేళా గేటు దగ్గర థర్మాసు ఎనిమిదింటికి గానీ చేతికి రాలేదు. మూత సరిగ్గా పెట్టకపోవడంతో లోపలి సెలైన్ చల్లారిపోయింది, సగం అండాశయాలు పనికిరాకుండా పోయాయి. వేడి చేసే పళ్ళెం ప్లగ్గు ఎవరో పీకేసి ఫోను చార్జింగు పెట్టుకున్నారు. పదకొండింటికి మైక్రోస్కోపు గదికి వెళితే పక్క ల్యాబు ఆవిడ ఈగ కళ్ళకు ఫోటోలు తీస్తూ కూర్చుంది.

"రిజిస్టర్లో నా పేరుంది," అన్నాను.

"తెలుసమ్మా. ఒక్క ఐదు నిమిషాలు."

"ఈగకి ఎన్ని కళ్ళు ఉంటాయండీ?"

"నువ్వు నిలబడి చూస్తుంటే చెయ్యి వణుకుతుంది, కాస్త బయట ఉండు."

గంట పైనే బయట ఉన్నాను. అక్కడే దొరికాడు అలారం బాబాయ్. మా ల్యాబులో అందరికంటే పాత టెక్నీషియన్. ఎవరేం మర్చిపోయినా వదలకుండా మోగుతాడు కాబట్టి ఆయనకి ఆ పేరు.

"ఏమ్మా, ఆ మందు బ్యాచ్ ఈ జన్మలో అవుతుందా?"

"ఇవాళే బాబాయ్. కాస్త నన్ను వదిలెయ్."

"నిన్ను వదిలితే నువ్వు దాన్ని వదిలేస్తావు. అదీ నా బాధ."

మందు బ్యాచ్ అంటే ఇది. సింకులో నీళ్ళు కనిపిస్తున్నాయనుకోండి. కుళాయి ధారగా పారుతున్నందువల్ల ఉన్నాయా, అడుగున రంధ్రం పూడుకుపోయి నిలిచిపోయాయా? చూసి చెప్పలేం. చెయ్యి పెట్టి రంధ్రం మూయాలి. నీళ్ళు గబగబా పెరిగితే కుళాయి పారుతున్నట్టు. అలాగే ఉండిపోతే అవి నిలవనీళ్ళు. అండంలో చుక్కలూ అంతే. చెత్తను కరిగించే పనిని ఒక మందుతో ఆపి చూడాలి. అప్పుడు చుక్కలు ఇంకా పెరిగితే ఊడ్చే పని జోరుగా సాగుతున్నట్టు. పెరగకపోతే అది ముందే ఆగిపోయి, సంచులు ఎత్తేవాళ్ళు లేక లోపల పేరుకుపోయినట్టు. అందుకే మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉంది. మందు బ్యాచ్ చూడకుండా ఏ చుక్కల ఫోటో కూడా గుమ్మం దాటకూడదు. ల్యాబు నడిపే పెద్దమేడమ్ ఆ మాట తలుపు మీదే అంటించారు.

నేను దాటించాను. ఇంట్లోవాళ్ళు లెక్కలోకి రారనుకున్నాను.

పన్నెండు దాటాక మైక్రోస్కోపు దొరికింది. ముందు కాసేపు మాత్రమే ఆకలితో ఉంచిన అండాలు చూశాను. మందు వేస్తే చుక్కలు రెట్టింపయ్యాయి. బాగుంది, కుళాయి పారుతోంది. తర్వాత రోజంతా మాడ్చిన అండాలు. మందు వేసినా వేయకపోయినా చుక్కలు అన్నే. ఇంకో అండం పెట్టాను. అన్నే. పదిహేడు అండాలు చూశాను. పదిహేడూ అంతే. నేను గర్వంగా ఫోనులో మోసుకెళ్ళిన ఆకాశం ఊడ్చుకుంటున్న ఇల్లు కాదు. చెత్త ఎత్తడం ఎప్పుడో మానేసిన ఇల్లు.

అప్పుడు పాత నోటు పుస్తకం తిరగేశాను. రోజంతా మాడ్చిన గిన్నెలో నాలుగింట ఒక వంతు అండాలు కూడా పక్వం కాలేదని రెండు నెలల కిందట నా చేత్తో నేనే రాసి ఉంది. దాని పక్కనే, 'ఈ దఫా గొర్రెలు ముసలివేమో' అని కూడా నేనే రాసి ఉంది. గొర్రెల మీదికి నెట్టేశాను! ఆ నోటు పుస్తకాన్ని ఎత్తి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. కిటికీ తెరుచుకోదు, ల్యాబు కిటికీలు సీలు చేసి ఉంటాయి.

పెద్దమేడమ్ గ్రాఫు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "మంచి ఫలితమే కదా. కాస్త ఆకలికి అండం సర్దుకుంటుంది, ఎక్కువ ఆకలికి చితికిపోతుంది. దీనికి నీ మొహం ఎందుకలా ఉంది?"

"మేడమ్, ఆ మొదటి ఫోటో మా వదినకి చూపించాను."

"అయితే?"

"ఆవిడ రెండు నెలలుగా తినడం లేదు. గురువారం ఇంజెక్షన్లు."

మేడమ్ గ్రాఫుని బల్ల మీద పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది. "గిన్నెలో గొర్రె అండం, ఇంట్లో మనిషి ఒకటి కాదు," అన్నారు. "అది ఆరోజు చెప్పాల్సింది. ఇవాళైనా వెళ్ళి చెప్పు. ముందు వెళ్ళు ఇక్కణ్ణించి."

వదినకి ఫోను చేశాను. ఎత్తలేదు. ఎత్తదు. వర్క్‌షాపులో ఫోన్లన్నీ గేటు దగ్గర అరల్లో పెట్టి తాళం వేస్తారు. ఆ సంగతి తెలిసీ ఆరుసార్లు చేశాను. తర్వాత బస్సు ఎక్కాను. ఆ బస్సు ప్రతి సందు మొగలోనూ ఆగింది.

వర్క్‌షాపు భోజనాల గది పొడుగ్గా, తక్కువ ఎత్తులో ఉంటుంది. గోడ పొడవునా గుడ్డ తాన్లు. నేను వెళ్ళేసరికి రెండో జట్టు తింటోంది. వదిన బల్ల చివర గోరువెచ్చటి నీళ్ళ సీసా ముందు పెట్టుకుని కూర్చుంది. బుగ్గ ఎముకలు పైకి వచ్చేశాయి. రోజూ ఒకే ఇంట్లో ఉంటూ, సన్నబడిందని నవ్వాను గానీ ఇంత చిక్కిందని ఎందుకు గమనించలేదో తెలియదు.

"అరె, మీ సైంటిస్టు వచ్చింది!" అంది పక్కనున్నామె. కాలర్లు కుట్టేదని అందరూ ఆమెను కాలరక్క అంటారు. "రా అమ్మాయ్, నిన్నే అడగాలనుకుంటున్నా. నేనూ వారంగా పొద్దుట తినడం మానేశా. మీ చుక్కలు మోకాళ్ళ నొప్పికి కూడా పనిచేస్తాయా?"

"మీరెందుకు మానేశారు!"

"మీ వదిన చెప్పింది. మా బల్లలో నలుగురం మానేశాం. ఆ గుండీలు కుట్టే పిన్ని చూడు, కళ్ళు తిరిగి నిన్న ఒక చొక్కాకి పదకొండు గుండీలు కుట్టింది."

"పన్నెండు," అంది గుండీల పిన్ని నీరసంగా.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒక్క 'అవును' రెండు నెలల్లో ఒక బల్ల పొడవు నడిచింది. నా పరిశోధన గురించి ఏ సెమినార్లోనూ ఇంత మంది ఇంత శ్రద్ధగా వినలేదు.

"అందరూ తినండి," అన్నాను గొంతు పెంచి. "దయచేసి తినండి. నేను చెప్పింది తప్పు."

వదిన నా వైపు చూసి నెమ్మదిగా సీసా మూత బిగించింది. "పద, బయట మాట్లాడుకుందాం."

కటింగ్ గదిలో ఎవరూ లేరు. పెద్ద బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది, దాని మీద సుద్దగీతలు. నేను సింకు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. వదిన మధ్యలో అడ్డం రాలేదు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పుడు ఎలా వినేదో అలాగే వింది.

"నువ్వే కదా అవునన్నావు?" అంది చివరికి.

"అన్నాను."

"నేనేమీ పక్కింటావిడ మాట విని చేయలేదే. వాళ్ళు వంద చెప్తారు, వేర్లంటారు, తాయెత్తులంటారు. ఒక్కటీ చేయలేదు. నువ్వు చదువుకున్నదానివని చేశాను."

వదిన బల్ల కింది గోనెలో చెయ్యి పెట్టి నాలుగు గుడ్డ పీలికలు తీసింది. "గుడ్డ తాను రావడం ఆలస్యమైతే మేమూ ఇలాంటి వాటితో సర్దుకుంటాం. జేబులు కుట్టొచ్చు, లోపలి పట్టీలు కుట్టొచ్చు. రెండు రోజులు నెట్టుకొస్తాం. వారం తాను రాకపోతే ఏం కుడతాం? పీలికలతో చొక్కా అవుతుందా? ఇదేనా నువ్వు చెప్పేది?"

"ఇదే వదినా."

"మరి ఈ ముక్క ఆరోజు చెప్తే నీ సొమ్మేం పోయేది!" అని పీలికల్ని గోనెలోకి విసిరికొట్టింది. పదకొండేళ్ళలో వదిన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. తర్వాత బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. కోపమో, కళ్ళు తిరిగాయో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

"ఇప్పుడు తింటే గురువారానికి పనికొస్తుందా?"

నేను నేల చూశాను.

"చెప్పు. ఈసారి అవును, కాదు అనొద్దు. పూర్తిగా చెప్పు."

పూర్తిగా చెప్పాను. ఈ నెల బయటికి తీసే అండం ఈ నెలలో తయారైంది కాదు. మూణ్ణెల్ల ముందు నుంచే పెరగడం మొదలుపెడుతుంది. ఆ మూణ్ణెల్లలో రెండు నెలలు అది వదిన ఆకలితోనే పెరిగింది. ఎంత చెడిందో, అసలు చెడిందో లేదో ఎవరూ లెక్కకట్టి చెప్పలేరు. మళ్ళీ బాగా తిని మూణ్ణెల్లు ఆగితే కొత్త అండాలు వస్తాయి. కానీ అప్పటికి నలభై దాటిపోతుంది.

వదిన తల ఊపింది. తర్వాత భోజనాల గదిలోకి వెళ్ళి కాలరక్క డబ్బా లాక్కుని, నిలబడే మొత్తం తినేసింది. "నా తిండి!" అని కాలరక్క అరిచింది. "నువ్వు ఎలాగూ మానేశావుగా," అంది వదిన నోటినిండా ముద్దతో.

సాయంత్రం అన్నయ్య వంతు. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ మాటైనా ఆలస్యంగా వింటాడు, విన్నాక గట్టిగా అరుస్తాడు.

"ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా ఇంట్లో ల్యాబు పెట్టారా? నేనెవర్ని ఈ ఇంట్లో, వాచ్‌మన్నా?"

"రోజూ మీ ఎదురుగానే కదండీ కూర్చున్నాను," అంది వదిన. "నా కంచం మీకు కనబడలేదా?"

"ఆసుపత్రివాళ్ళు చెప్పిన పథ్యం అనుకున్నా!"

"అడిగారా?"

అన్నయ్య అడగలేదు. నేనూ అడగలేదు. ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం విసుక్కుంటూ భోజనం చేశాం. వదిన రెండోసారి వడ్డించుకుంటుంటే అన్నయ్య కూరగిన్నె ఆమె వైపు జరిపాడు.

గురువారం డాక్టరమ్మ బరువు చూసి కలం కింద పెట్టింది. ఏడు కిలోలు తగ్గింది. పోయిన నెల నెలసరి రాలేదని వదిన అప్పుడు చెప్పింది. శరీరం శుభ్రపడుతోంది కాబోలు అనుకుని ఎవరికీ చెప్పలేదట.

"ఉపవాసాలు ఉండమని ఎవరు చెప్పారమ్మా? ఇంటర్నెట్టా?"

"నేనే," అన్నాను కుర్చీలోంచి లేచి.

"మీరేం చేస్తుంటారు?"

"అండాల మీద పరిశోధన."

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కాదు. ఒకే మరకను రోజూ తుడిచే మనిషి చూపు. "పరిశోధన చేసేవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళండమ్మా," అంది. "లేకపోతే మొత్తం చెప్పండి. మధ్యలో ఆపకండి."

ఈ స్థితిలో ఇంజెక్షన్లు మొదలుపెట్టలేనని చెప్పి, నలభై ఏళ్ళ నియమం సడలించి మూణ్ణెల్లు గడువు ఇవ్వమని డాక్టరమ్మ ఆసుపత్రి కమిటీకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని నేను మూడు కిటికీలు తిరిగాను. మొదటి కిటికీ రెండోదాని దగ్గరికి, రెండోది మూడోదాని దగ్గరికి, మూడోది మళ్ళీ మొదటిదాని దగ్గరికి పంపింది. పదిరోజులకి జవాబు వచ్చింది. ఎవరికీ మినహాయింపు లేదు. నియమం ఎందుకు పెట్టారో నాకు తెలుసు, తప్పని అనలేను. అయినా ఆ కాగితాన్ని ఉండగా చుట్టేశాను. తర్వాత ఫైల్లో పెట్టాలని గుర్తొచ్చి మళ్ళీ సాపు చేశాను.

మిగిలిన దారి ఒకటే. ఉన్న రోజుల్లో వీలైనంత తిని, పుట్టినరోజుకు ముందు చివరి తేదీన మొదలుపెట్టడం. ఆ కొద్ది వారాలూ మా ఇంట్లో తిండి ఒక ఉద్యోగమైపోయింది. గుడ్లు ఉడకబెట్టి అన్నయ్య చేతిగడియారం పెట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. కాలరక్క రోజూ రెండు డబ్బాలు తెచ్చేది, ఒకటి లాక్కోవడానికి. వదిన బుగ్గలు కొంచెం నిండాయి. నేను రోజూ ఆ బుగ్గల్ని చూసేదాన్ని. "అలా గుడ్లప్పగించి చూడకు అమ్మడూ, నేను నీ గిన్నెలో గొర్రెని కాదు," అనేది వదిన.

మూడు అండాలు వచ్చాయి. రెండు పక్వం కాలేదు. ఒకటి అయింది. అది ఫలించింది కూడా. రెండో రోజు నాలుగు కణాలన్నారు. మూడో రోజు ఆరు అన్నారు. నాలుగో రోజు పొద్దున్న ఆసుపత్రి ల్యాబు నుంచి ఫోను నాకు వచ్చింది, ఆ భాష నాకు తెలుసు కాబట్టి. ఆరు ఆరుగానే ఉండిపోయాయి. ఇంక విడిపోవడం లేదు.

వదిన బట్టలు మడతపెడుతోంది. నేను చెప్పాను. మొత్తం చెప్పాను. చేతిలో ఉన్న చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచి, దొంతర మీద పెట్టి, మంచం మీద కూర్చుంది.

"నా వల్లే వదినా," అన్నాను.

"నీ వల్లో కాదో ఎలా చెప్తావు? ముందు రెండుసార్లు కడుపునిండా తినే ఉన్నాను. అప్పుడూ నిలవలేదు."

"చెప్పలేను. చెప్పాలంటే ఇంకో నువ్వు ఉండాలి. అదే వయసు, అవే అండాలు, తిండి మానని నువ్వు."

"ఒక్కదాన్నే ఉన్నాను. నాకు జత ఎక్కణ్ణించి తెస్తావు?"

నేను ఏడుస్తున్నాను. వదిన విసుగ్గా నా చేతిలోకి ఒక తువ్వాలు విసిరింది. "ఆపు ఇంక. నాకే ఏడవడానికి చోటు లేకుండా మొత్తం నువ్వే ఏడ్చేస్తున్నావు. అవతలికి జరుగు."

జరిగాను. అప్పుడు ఏడ్చింది.

మా పరిశోధన పత్రం తర్వాతి ఏడాది అచ్చయింది. వదిన దాన్ని తెలుగులో చెప్పమంది. సాయంత్రం టీ తాగుతూ వాక్యం వాక్యం చెప్పుకుంటూ వెళ్ళాను. మధ్యలో ఆపింది.

"మొత్తం ఎన్ని అండాలు చూశారు?"

"రెండువందల పదమూడు."

"నా మూడు కలిపా?"

"కాదు వదినా. నీవి ఇందులో ఉండకూడదు. గొర్రెలవి మాత్రమే."

"ఉండకూడదని నాకూ తెలుసులే. ఆకలితో ఉంటే అండానికి మంచిది కాదని తేల్చారా చివరికి?"

"కాసేపు అయితే సర్దుకుంటుంది. ఎక్కువైతే తట్టుకోలేదు. అది కూడా గిన్నెలో, గొర్రె అండం సంగతి. మనిషిలో ఇలాగే అని ఇంకా చెప్పలేం."

వదిన నవ్వింది. "చూశావా, ఇప్పుడు ఎంత పొడుగు చెప్తున్నావో." టీ గ్లాసు కింద పెట్టింది. "ఇందులో కాకపోతే ఇంకెక్కడైనా రాయి. నా పేరొద్దు, ఊరొద్దు. ఊరికే రాయి."

అందుకే రాశాను. మీరూ మీ ఇంట్లో మొదట చదువుకున్నవారైతే, మీ మాట మీద మీకంటే ఎక్కువ నమ్మకం ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. అలసటగా ఉన్న ఏదో ఒక సాయంత్రం వాళ్ళు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పేముందు మా వదినని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆమె ఇప్పటికీ ఇరవై పొరల గుడ్డ ఒకేసారి కోస్తుంది. ఆమె అండాలు మూడు. ఏ పత్రంలోనూ లేవు. దయచేసి గుర్తుపెట్టుకోండి.